చెత్తగుట్ట కింద ఏముంది?

(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



డంపింగ్ యార్డు అనగానే మనం వాసన గురించి, ఈగల గురించి, కుక్కల గురించి మాట్లాడతాం. అవి కళ్లకు కనబడేవి. నేను కనబడని దాని గురించి చెబుతాను. చెత్త కింద ఉన్న రాయి గురించి, ఆ రాయిలోని నీటి గురించి.

మీలో బోరు వేయించని వాళ్లు ఉండరు. బండి డ్రిల్లు దింపితే ముందు మట్టి వస్తుంది, తర్వాత మొరం, ఆ తర్వాత గట్టి రాయి. రాయిలో గ్యాప్ తగిలితేనే నీళ్లు. హైదరాబాద్ చుట్టూ ఉన్న నేలంతా చాలావరకు ఇలాంటి గ్రానైట్ నేలే. ఈ రాయి తనంతట తాను నీళ్లు పట్టదు. నీళ్లుండేది పైనున్న మొరంలో, కిందనున్న పగుళ్లలో.

"కింద బండరాయి ఉంది, ఏమీ దిగదు" అని అధికారులు చెబితే అందులో సగమే నిజం. బండలోంచి దిగదు, పగులులోంచి దిగుతుంది. ఆ పగులు ఎటు పోతుందో పైనుంచి కనబడదు. యార్డు పక్కనున్న బోరు బాగుండొచ్చు, దూరంగా ఉన్న బోరు చెడిపోవచ్చు. అందుకే "మీ ఊరు కిలోమీటరు దూరం" అన్నంత మాత్రాన భరోసా రాదు.

ఇంకో సంగతి. నదీతీరపు ఇసుక నేలల్లో నూరు పాళ్ల నేలకు పన్నెండు నుంచి ఇరవై పాళ్ల దాకా తోడుకోగల నీరుంటుంది. మన మొరంలో రెండు మూడు పాళ్లే. నీరు తక్కువైతే కలిసిన విషం పలచబడదు. పైగా మనం మోటార్లు నడిపితే నీరు బోరు వైపే లాగుతుంది, దానితోపాటు మురుగూ వస్తుంది.

చెత్తపై వాన పడితే నల్లటి రసం దిగుతుంది. లవణాలు, అమ్మోనియా, కొన్నిచోట్ల భారలోహాలు అందులో ఉంటాయి. జవహర్‌నగర్‌లో చూడండి. కింద పొర పరచకుండానే ఏళ్ల తరబడి చెత్త పోశారు. ఆ రసం మల్కారం చెరువులోకి చేరింది. పాత గుట్టపై తర్వాత కప్పు వేశారు, మంచిదే. పైకప్పు వానను ఆపుతుంది. అప్పటికే భూమిలోకి దిగినదాన్ని వెనక్కి తేలేదు.

మరి చట్టం ఏమంది? 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు ల్యాండ్‌ఫిల్ అడుగున 90 సెంటీమీటర్ల గట్టి బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు ఉండాలన్నాయి. భూగర్భజలం ఎంత పైకి వచ్చినా ఆ బంకమట్టి పొరకు కనీసం 2 మీటర్ల కిందే ఉండాలన్నాయి. చెరువుకు, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరం ఉండాలన్నాయి. యార్డు పెట్టకముందే అక్కడి భూగర్భజలాన్ని పరీక్షించి రికార్డు చేయాలన్నాయి.

ఈ 2 మీటర్ల లెక్క ఎప్పుడు తీశారని అడగండి. ఏప్రిల్‌లో కొలిస్తే నీరు ఎక్కడో లోతున ఉంటుంది. వానాకాలం చివర కొలిస్తేనే అసలు మట్టం తెలుస్తుంది.

2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్ దగ్గర డంపింగ్ యార్డు వద్దని చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. అలాంటి పరిస్థితి ఏ ఊరికైనా రావొచ్చు. రాకముందే మనం చేయాల్సిన పనులు నాలుగున్నాయి.

ఒకటి, ఊళ్లోని బోర్ల లోతు, కేసింగ్ ఎంత దింపారు, గ్యాప్ ఎన్ని అడుగుల్లో తగిలింది అన్నది పుస్తకంలో రాయండి. రెండు, చెత్త రాకముందే నీటిని గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. క్లోరైడ్, నైట్రేట్, మొత్తం లవణాలు తప్పకుండా చూపించండి. ఇది లేకపోతే రేపు "మీ నీళ్లు ముందునుంచే ఇంతే" అంటారు. మూడు, భూగర్భ సర్వే నివేదికను గ్రామసభలో తెలుగులో చదివి వినిపించమని డిమాండ్ చేయండి. నాలుగు, యార్డు వచ్చాక వేసవిలో, వానల్లో, వానల తర్వాత పరీక్షలు జరిపి ఫలితాలు పంచాయతీ గోడకు అంటించమనండి.

నగరం చెత్త ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే, కాదనను. తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరైతే మన ఊళ్లకు వచ్చే గుట్ట చిన్నదవుతుంది. ఆ పని నగరం చేయాలి. మన పని మన నీటికి లెక్క రాసుకోవడం.

చెడిన చేను రెండు పంటలకు బాగుపడొచ్చు. చెడిన పగులు మన పిల్లల కాలానికైనా బాగుపడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంటికెళ్లగానే బోరు పుస్తకం మొదలుపెట్టండి.