.32 అంటే బొమ్మ తుపాకీయా? జనం చిన్నచూపు చూసే క్యాలిబర్ల మంచీ చెడూ

అమెరికా గన్ వీడియోలు చూసే తమ్ముళ్ళు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ప్రపంచమంతా 9 ఎంఎం వాడుతుంటే మన దగ్గర లైసెన్స్ ఉన్నవాళ్ళ చేతిలో .32 ఎందుకుంటుంది? అది బొమ్మ తుపాకీయే కదా?" ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం. తుపాకీ కొనమని నేను చెప్పట్లేదు, ముందే క్లియర్‌గా ఉందాం. కానీ తెలియకుండా దేన్నీ బొమ్మ అనుకోకూడదు. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

ముందు క్యాలిబర్ అంటే ఏంటి? సింపుల్‌గా చెప్పాలంటే గొట్టం లోపలి వెడల్పు, లేదా బుల్లెట్ లావు. .32 అంటే అంగుళంలో వందకి 32 వంతులు. అయితే ఈ పేర్లని పూర్తిగా నమ్మకండి. .32 ఏసీపీకే యూరప్‌లో 7.65 ఎంఎం అని పేరు. కానీ బుల్లెట్‌ని కొలిస్తే దాదాపు 7.9 ఎంఎం ఉంటుంది. .38 అని పిలిచే బుల్లెట్ నిజానికి .357 అంగుళాలే.

ఇంకో తమాషా ఏంటంటే, 9 ఎంఎం అనే పేరుతో ఒక్క తూటా లేదు, చాలా ఉన్నాయి. ఇప్పుడు పోలీసులు, సైన్యాలు వాడేది 9×19, అంటే కేస్ పొడవు 19 ఎంఎం. 1902లో జార్జ్ లూగర్ తయారు చేసింది. దాని తమ్ముడు 9×17. ఇటలీవాళ్ళు దాన్ని కోర్టో అంటారు, అంటే పొట్టిది అని. బుల్లెట్ లావు ఇంచుమించు అదే, కానీ శక్తి దాదాపు సగం. అంటే నంబర్ చూసి బలం చెప్పలేం. లోపల మందు ఎంత, బుల్లెట్ బరువెంత, వేగమెంత, ఇవన్నీ కలిస్తేనే శక్తి.

ఇక మన .32 దగ్గరికి వద్దాం. ఇందులో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. ఒకటి పిస్టల్‌కి వాడే .32 ఏసీపీ. జాన్ బ్రౌనింగ్ డిజైన్, 1899లో వచ్చింది. రెండోది రివాల్వర్‌కి వాడే .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. అది 1896 నాటిది. రెండూ 120 ఏళ్ళు దాటిన ముసలివాళ్ళే! ఒకప్పుడు వీటికి గౌరవం ఎంతంటే, 1896లో థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీస్ కమిషనర్‌గా ఉన్నప్పుడు పోలీసులకి ఇచ్చింది .32 కోల్ట్ రివాల్వరే. జేమ్స్ బాండ్ చేతిలోని వాల్తర్ పీపీకే కూడా 7.65 ఎంఎం, అంటే మన .32 ఏసీపీయే.

మరి మన దేశంలో ఇదే ఎందుకు మిగిలింది? కారణం చట్టం. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో నిబంధనలు వచ్చాయి. పోలీసు, సైన్యం వాడే తూటాలు పట్టే తుపాకుల్ని అవి ప్రొహిబిటెడ్ బోర్‌లో పెట్టాయి. 9 ఎంఎం, .45, .455, .380 రివాల్వర్ తూటా, ఇవన్నీ అందులోకే వెళ్ళాయి. దాని వల్ల లాభమేంటంటే, సర్కారు తూటాలు ఎవడైనా దొంగిలించినా బయటి తుపాకుల్లో అవి పట్టవు. 2016లో కొత్త నిబంధనలు వచ్చినా ఈ విభజన పోలేదు. అలా మామూలు లైసెన్స్‌దారుకి అందే చేతి తుపాకుల్లో .32 రాజైపోయింది. అంటే ఇక్కడ .32ని జనం ఏరికోరి తెచ్చుకోలేదు. చట్టం గీసిన గీతకి ఇవతల మిగిలింది అదే.

సరే, ఇప్పుడు లాభాలు చూద్దాం. మొదటిది, తన్నదు. .32 పేలిస్తే చెయ్యి పెద్దగా పైకి లేవదు. నేను రేంజ్‌లో చూసిందేంటంటే, కొత్తగా నేర్చుకునేవాళ్ళలో చాలామంది గురి తప్పేది భయంతోనే. పేలుతుందని తెలిసి ముందే చెయ్యి బిగిస్తారు, కళ్ళు మూస్తారు. కిక్ తక్కువైతే ఆ భయం తగ్గుతుంది, రెండో తూటా కూడా అదే చోటికి వెళ్తుంది. అందుకే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీల్లో ప్రపంచ స్థాయి షూటర్లు .32 లాంగ్ వాడతారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన జస్పాల్ రాణా 590 పాయింట్లు కొట్టి బంగారు పతకం తెచ్చింది ఈ సెంటర్ ఫైర్ ఈవెంట్‌లోనే.

రెండోది, చిన్న తూటాకి చిన్న తుపాకీ చాలు. ఒత్తిడి తక్కువ కాబట్టి .32 ఏసీపీ పిస్టల్ లోపలి మెకానిజం సింపుల్‌గా ఉంటుంది. గొట్టాన్ని లాక్ చేసే ఏర్పాటు అక్కర్లేదు, స్ప్రింగు, స్లైడు బరువే పని కానిచ్చేస్తాయి. 2014లో కాన్పూర్‌లో తయారై వచ్చిన నిర్భీక్ రివాల్వర్ .32దే, బరువు అర కిలో.

నష్టాలు కూడా అంతే నిజాయితీగా చెప్పుకోవాలి. ఒకటి, శక్తి. 9×19 సుమారు 450 నుంచి 500 జౌల్స్ ఇస్తుంది. .32 ఏసీపీ 170 దగ్గర ఆగిపోతుంది. .32 లాంగ్ ఇంకా తక్కువ, 150 దాకా. మూడో వంతు అనుకోండి. దీనివల్ల ఇంకో చిక్కుంది. లోపలికి వెళ్ళాక విచ్చుకునే రకం బుల్లెట్ వాడాలంటే వేగం కావాలి. .32లో అది విచ్చుకుంటే లోతుకి వెళ్ళదు, లోతుకి వెళ్తే విచ్చుకోదు.

రెండు, ఏసీపీ తూటా అడుగున కొంచెం బయటికి వచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి చేరితే రెండూ ఒకదానికొకటి చిక్కుకుంటాయి. పిస్టల్ అక్కడే జామ్. రివాల్వర్‌కి ఈ బాధ లేదు.

మూడు, డబ్బు. జనం తక్కువగా వాడే క్యాలిబర్ అంటే తయారీదారులు తక్కువ, రకాలు తక్కువ, ధర ఎక్కువ. నిర్భీక్‌నే చూడండి, ఆడవాళ్ళ రక్షణకి అని తెచ్చారు, ధర చూస్తే లక్ష పైమాటే. రాత్రి షిఫ్ట్ ముగించుకుని షేర్ ఆటోలో ఇంటికొచ్చే అమ్మాయి అది కొంటుందా? తూటా ఖరీదైతే ప్రాక్టీసూ తగ్గుతుంది. ప్రాక్టీస్ లేని చేతిలో ఏ క్యాలిబర్ ఉన్నా ఒకటే.

"అయితే పెద్దదే మంచిది కదన్నా" అంటారా? దానికి కూడా ఒక కథ ఉంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దాంతో ఎఫ్‌బీఐ ఇంకా బలమైన తూటా కావాలని 10 ఎంఎం తీసుకుంది. తీరా చూస్తే కిక్ ఎక్కువ, పిస్టల్ పెద్దది, చాలామంది ఏజెంట్లకి చేతిలో కుదరలేదు. దాన్ని కుదించి 1990లో .40 తెచ్చారు. అటు తిరిగి ఇటు తిరిగి 2016లో మళ్ళీ 9 ఎంఎం గ్లాక్ పిస్టళ్ళకే ఆర్డర్ ఇచ్చారు. అంటే చిన్నదానికి ఉన్నట్టే పెద్దదానికీ ఇబ్బందులున్నాయి. మనిషి అదుపు చేయగలిగిన చోటే ఏ తూటాకైనా విలువ.

ఇప్పుడు అసలు పాయింట్. .32 బలహీనం అన్నాను కదా, అది 9 ఎంఎంతో పోలిస్తేనే. మనిషి శరీరంతో పోలిస్తే కాదు. 1948 జనవరి 30న గాంధీజీ ప్రాణం తీసింది బెరెట్టా పిస్టల్. అందులో ఉన్నది ఇందాక చెప్పిన పొట్టి 9 ఎంఎం కోర్టోయే. 1968లో రాబర్ట్ కెనెడీని చంపింది .22 రివాల్వర్. ఆ .22 శక్తి .32 కంటే కూడా తక్కువ! మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో పట్టుకునేది కూడా .22 తూటాయే. ఒకచోట పతకం, ఇంకోచోట ప్రాణం. తూటా అదే, తేడా పట్టుకున్న చేతిలో ఉంది.

అందుకే బరాత్‌లో "చిన్నదేగా" అని గాల్లోకి పేల్చే వీడియో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. .22 బుల్లెట్ కూడా కిలోమీటరు దాటి వెళ్ళగలదు. పైకి వెళ్ళింది ఎవరి డాబా మీదో, ఎవరి పిల్లాడి మీదో దిగుతుంది. 2019 సవరణ ప్రకారం, సంబరాల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ ఉంది కదా అంటే కుదరదు. ఇక లైసెన్స్ లేకుండా ప్రొహిబిటెడ్ బోర్ ఆయుధం దగ్గర పెట్టుకుంటే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు.

నిజంగా షూటింగ్ మీద ఇష్టముంటే దగ్గర్లో ఉన్న రైఫిల్ క్లబ్‌కి వెళ్ళండి. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి, తర్వాత .22. అక్కడ కోచ్ నేర్పే మొదటి పాఠం గురి గురించి కాదు, తుపాకీ మూతి ఎటు తిప్పకూడదో చెప్తారు. అది ఒంటబడితే చాలు, క్యాలిబర్ గురించి తర్వాత తీరిగ్గా వాదించుకోవచ్చు.

మీ ఫ్రెండ్స్‌లో .32ని బొమ్మ తుపాకీ అనేవాళ్ళుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.