గులాబీ రంగు బంతి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ పిచ్చి గురించి పది నిమిషాలు మాట్లాడు" అని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశారు. ఆ పిచ్చి సంగతి నాకంటే నా భార్యకు బాగా తెలుసు. మా ఇంట్లో బట్టల బీరువా కింది అర నిండా బిలియర్డ్స్, స్నూకర్ బంతులే. అన్నీ ఇప్పుడెవరూ తయారు చేయని పాత రకాలు. ఆట మాత్రం నాకు సరిగ్గా రాదు.

ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటి చెప్పాలి. మా బాపు హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో మార్కర్. మార్కర్ అంటే బల్ల మీది పచ్చ బట్టను బ్రష్ చేసి ఇస్త్రీ పెట్టడం, బంతులు తుడవడం, బోర్డు మీద స్కోరు జరపడం, తోడు లేని మెంబరుకు తోడుగా ఆడి ఓడిపోవడం. శనివారం రాత్రి ఆఖరి బస్సుకు సిద్దిపేట వచ్చేవాడు. క్లబ్బుకు కొత్త సెట్ వచ్చినప్పుడు పాత బంతులు మార్కర్లకూ వంటవాళ్లకూ పంచిపెట్టారట. బాపు వంతుకు గులాబీ రంగుది వచ్చింది. బియ్యపు గింజంత పెచ్చు లేచి ఉండేది.

దాంతో నేను గోటీలాటలో బడినంతా ఓడించాను. తొమ్మిదో తరగతిలో సైన్స్ సార్‌కు దొరికిపోయాను. సార్ కొట్టలేదు. బల్ల మీద గోటీలను వరుసగా పెట్టి, ఆ బంతితో కొట్టించి, బరువైన వస్తువు తేలికైనదాన్ని తాకితే ఏమవుతుందో క్లాసు మొత్తానికి చూపించారు. "ఇది దేనితో చేసిన్రు రా?" అన్నారు. "ఏనుగు దంతం సార్" అన్నాను గొప్పగా. బంతి ల్యాబ్ బీరువాలోకి వెళ్లింది. ఆదివారం బాపుకు చెబితే నవ్వాడు. "దంతం గాదు బిడ్డా, కంపోజిషన్" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఒకప్పుడు మంచి బంతులన్నీ నిజంగానే దంతంతో చేసేవారు. దంతం మధ్యలో నరం ఉండే సన్నని దారి సరిగ్గా బంతి నడిమికి వచ్చేటట్టు కోయాలి. అందుకే ఒక్కో దంతానికి కొన్ని బంతులే వచ్చేవి. పైగా దంతం ఎండకు, తేమకు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కుంచించుకుపోయి గుండ్రం తప్పుతుంది. 1863లో అమెరికాలో ఫెలన్ అండ్ కొలెండర్ అనే బల్లల కంపెనీ దంతానికి బదులు చూపినవారికి పదివేల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఆల్బనీలో ప్రింటింగ్ పని చేసే జాన్ వెస్లీ హయట్ ఆ ఆశతోనే మొదలుపెట్టి, రసాయనంతో మార్చిన పత్తికి కర్పూరం కలిపి సెల్యులాయిడ్‌కు దారి తీశాడు. అవును, మన హారతి కర్పూరమే! అలాంటి బంతులు గట్టిగా తగిలితే ఒక్కోసారి 'ఠప్'మని పేలినట్టు చప్పుడయ్యేదట. 1907లో బేక్‌లాండ్ బేకలైట్ తెచ్చాడు. ఇప్పుడు ప్రపంచంలో చాలా బల్లల మీద దొర్లుతున్న బెల్జియం అరామిత్ బంతులు ఆ కుటుంబానికి చెందిన ఫీనాలిక్ రెజిన్‌వే. ఈ రెండు కాలాల నడుమ ఇంగ్లండ్ క్రిస్టలేట్ కంపెనీ బంతులు రాజ్యమేలాయి. గ్రామఫోన్ రికార్డులు చేసిన కంపెనీ కూడా అదే. బాపు చెప్పిన కంపోజిషన్ ఆ జాతిదే. ఆ బంతులు బరువుగా దొర్లేవని పాత ఆటగాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

స్నూకర్ పుట్టింది కూడా మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో. మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బరోస్ అండ్ వాట్స్ వారి బల్ల ఇప్పటికీ ఉంది. చూసి రండి.

నా వేట ఎక్కువగా జుమ్మెరాత్ బజార్‌లో. జేబులో వెర్నియర్ కాలిపర్, చిన్న తూకం మిషన్ పెట్టుకొని పోతాను. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు ఉండాలి, సెట్‌లో బరువైనదానికీ తేలికైనదానికీ 3 గ్రాములకు మించి తేడా ఉండకూడదు. అందుకే 22 విడి బంతులు కొన్నంత మాత్రాన సెట్ కాదు. ఒకే బల్ల మీద కలిసి అరిగినవే ఒక సెట్. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వస్తే సెల్యులాయిడ్, ఆసుపత్రి వాసన వస్తే బేకలైట్. భూతద్దంలో అడ్డదిడ్డంగా వలలాంటి గీతలు కనిపిస్తే అది దంతం. వెంటనే కింద పెట్టేస్తాను. మన దేశంలో దంతం అమ్మడం, కొనడం నేరం. నేరం కాకపోయినా కొనను.

నిజానికి నాకు కావలసింది ఒకే సెట్. బాపు క్లబ్బులో పంచిపెట్టినది. పాత మార్కర్ల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాను. ఒకరింట్లో ఎర్ర బంతి కాగితాల మీద బరువుగా ఉంది. ఇంకొకరింట్లో మనవరాలు బొమ్మల పెళ్లిలో నీలం బంతిని పెళ్లికొడుకును చేసింది. ఆ పాపకు బదులు బొమ్మ కొనిచ్చి తెచ్చుకున్నాను. ఇప్పటికి 14 దొరికాయి.

ఎందుకింత తాపత్రయం అంటారా? పదో తరగతి పరీక్ష ఫారంలో తండ్రి వృత్తి దగ్గర నేను 'గుమాస్తా' అని రాశాను. మార్కర్ అని రాస్తే దోస్తులు నవ్వుతారని భయం. సంతకానికి బాపు ముందు పెట్టాను. బాపుకు చదువు వచ్చు. ఆ గడి మీద వేలు పెట్టి చదివాడు. ఏమీ అనలేదు. సంతకం పెట్టి, "పెన్ను మంచిగున్నది" అన్నాడు. నేను ఇంజనీర్ అయ్యాక కూడా ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బాపు పోయి పదకొండేళ్లు. ఇవాళ అదే బడిలో మైకు ముందు చెబుతున్నాను: మా బాపు మార్కర్.

నిన్న సాయంత్రం ల్యాబ్ అటెండర్‌తో కలిసి మూడు బీరువాలు వెతికాను. పాత గది కూల్చినప్పుడు సామాను చాలాచోట్లకు పోయిందట. కాబట్టి ఇక్కడున్న టీచర్లకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మనవి. అయిదు సెంటీమీటర్ల కంటే కొంచెం పెద్దగా, గులాబీ రంగు వెలిసిపోయి, ఒకచోట బియ్యపు గింజంత పెచ్చు లేచిన బంతి ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. వాడుకుంటుంటే వాడుకోండి, తీసుకోను. ఒక్కసారి తూచి, కొలిచి, మిగతా వాటి పక్కన పెట్టి ఫొటో తీసుకొని తిరిగి ఇచ్చేస్తాను.