దండారికి నడిచి వెళ్దాం

(సంఘం ఆన్‌లైన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రోజూ నడవడం గురించి మాట్లాడమని సంఘం వాళ్లు నాకు అప్పగించారు. నేను కుర్చీలో ఉన్నాను, మీరు మీమీ ఇళ్లలో మంచాల మీద, సోఫాల మీద ఉన్నారు. ఇట్లా కూర్చుని నడక గురించి మాట్లాడుకుంటున్నామంటేనే మన సంగతి తెలిసిపోతోంది.

మా తాతల కాలంలో నడవమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చేనుకు నడకే, వాగుకు నడకే, వారం వారం అంగడికీ నడకే. ఎండలు ముదరకముందు చీకటితోనే లేచి ఇప్పపూలు ఏరడానికి పోవాలి, ఆ తర్వాత తునికాకు. ఆ నడకలో పని ఒక్కటే ఉండేది కాదు. ఏ ఊళ్లో సంబంధం కుదిరింది, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఏ చెట్టు ఈసారి కాయలేదు, అన్నీ దారిలోనే తెలిసేవి. చెట్ల పేర్లు మాకు బడిలో రాలేదు, అమ్మ వెనక నడుస్తుంటే వచ్చాయి.

అట్లాగని పాత నడకంతా బంగారమని నేను అనను. నొప్పులు పడుతున్న ఆడబిడ్డను డోలీలో వేసుకుని వాగు దాటించడం కూడా నడకే. కొన్ని గూడేలకు ఆ తిప్పలు ఇప్పటికీ తప్పలేదు. దాన్ని ఎవరైనా అందంగా రాస్తే నాకు కోపం వస్తుంది. రోడ్డు కావాలి, అంబులెన్సు కావాలి, అడగాల్సిందే. నేను చెప్పేది రోడ్డు వచ్చిన తర్వాతి సంగతి.

రోడ్డు వచ్చాక బండి వచ్చింది. ఇప్పుడు నాలుగిళ్ల అవతలి కిరాణా కొట్టుకు కూడా బండే. ఉద్యోగాలొచ్చి పట్నం చేరిన మనవాళ్లకు పొద్దంతా కుర్చీ. జొన్న గటక పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. షుగర్, బీపీ పట్నం వాళ్ల జబ్బులనుకునేవాళ్లం. ఈ సమావేశం వింటున్న వాళ్లలో ఎంతమంది పొద్దున మాత్ర వేసుకుని వచ్చారో చేతులెత్తమంటే బాగుండదు.

నడిస్తే ఏమవుతుందో సూటిగా చెప్తాను. కాలి కండరం కదులుతున్నప్పుడు రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కుంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని వాళ్లలో కూడా లాక్కుంటుంది. అందుకే అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. పిక్క కండరం బిగిసి వదులుతూ కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. బీపీ అదుపులోకి వస్తుంది, నిద్ర పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు. అంటే రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. ఎంత వేగమంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ఫోన్లో 10,000 అడుగులు పూర్తి కాలేదని బెంగ వద్దు. ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన అడుగుల లెక్క యంత్రం పేరులోంచి వచ్చింది.

జాగ్రత్తలున్నాయి. మన జనంలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పిల్లలు మెల్లగా నడవాలి, నీళ్లు తాగుతూ నడవాలి, ఎండలో, గట్టి చలిలో వద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో బెల్లం ముక్క పెట్టుకోవాలి. నడక మొదలుపెట్టామని మాత్రలు మానేయొద్దు.

ఇంకొకటి కాస్త ఇబ్బందైన మాట. ఏటా పుష్యమాసంలో మెస్రం వంశీయులు గోదావరి గంగాజలం కోసం కేస్లాపూర్ నుంచి జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచి వెళ్తారు. ఆ నీళ్లతోనే నాగోబాకు పూజ. ఇంత పెద్ద నడకను ఇప్పటికీ నిలబెట్టుకున్న వాళ్లు మనలో ఉన్నారు. అయితే షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు అరికాలిలో స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు, పుండు పడినా తెలియదు, ఆఖరికి కాలు తీసేయాల్సి రావచ్చు. నడవొద్దనడానికి నేనెవరిని? బయలుదేరే ముందు డాక్టరుకు పాదాలు చూపించుకోండి, రోజూ రాత్రి బసలో ఒకరి అరికాళ్లు ఒకరు దీపం పెట్టి చూడండి. చూసేవాళ్లు ఉండాలి, అంతే. మనం ఒంటరిగా నడిచే జాతి కాదు కదా.

పట్నంలో ఉన్నవాళ్లకు పార్కులో ఒక్కరే గుండ్రంగా తిరగాలంటే విసుగు పుడుతుంది, నిజమే. ఇద్దరు ముగ్గురు మనవాళ్లు కలిసి నడవండి. మన భాషలో మాట్లాడుకుంటూ నడవండి. ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు తప్ప వినని పిల్లలను వెంట తీసుకెళ్లండి. అరగంటలో పది గోండి మాటలు చెవిన పడతాయి. దీనికి డబ్బులు అక్కర్లేదు, తీర్మానమూ అక్కర్లేదు.

దీపావళి ముందు దండారి గుంపులు ఊరి నుంచి ఊరికి చుట్టరికానికి వెళ్తాయి. ఈ మధ్య అది కూడా ట్రాక్టర్ల మీద, ఆటోల మీద అవుతోంది. ఈసారి మా ఊరి వాళ్లం కూర్చుని ఒకటి అనుకున్నాం. పక్క ఊరు రెండున్నర కిలోమీటర్లు. నడిచే వెళ్తున్నాం. ముసలివాళ్ల కోసం ఒక ఆటో వెనక వస్తుంది. పడుచువాళ్లు అందులో ఎక్కకుండా చూసే పని మా ఆడవాళ్లు తీసుకున్నారు.