నమ్మని దోస్తుకు ఎట్ల చెప్పాలి?

ఈ ఎపిసోడ్ మా ధర్మపురిలో, గోదావరి మెట్ల మీద కూర్చొని మాట్లాడుతున్నా. రెండేళ్ళ కింద ఇక్కడే మా దోస్తులకు ఒక విషయం చెప్పిన.

హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నప్పుడు ఒక రాత్రి గుండె దడదడ కొట్టుకుంది. ఊపిరాడలేదు. ఇక చచ్చిపోతున్నా అనుకున్న. హాస్పిటల్‌కు పోతే ఈసీజీ నార్మల్. పానిక్ అటాక్ అన్నారు డాక్టర్. సాధారణంగా 10 నిమిషాల్లోపే బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఛాతీలో ఇబ్బంది అనిపిస్తే మాత్రం మీరే పానిక్ అనుకోకండి, ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

ఇదంతా చెప్తే ఒకడు, "యముడి గుడి ఉన్న ఊర్లో పుట్టి చావంటే భయమేందిరా?" అన్నడు. అందరూ నవ్విన్రు. నేనూ నవ్విన. తర్వాత ఆరు నెలలు ఎవ్వరికీ చెప్పలే. అటాక్ కన్నా ఆ ఆరు నెలలే కష్టమైనయి.

నేను చేసిన తప్పేంటంటే, వాళ్ళను నమ్మించాలని చూసిన. ఈసీజీ నార్మల్ వచ్చినంక రుజువు ఎక్కడినుంచి తెస్తం? అందుకే రెండోసారి ఒక్కన్నే పిలిచిన, ఆ మాట అన్నోన్నే. "నమ్మకున్నా పర్లేదు, సలహా వద్దు, పది నిమిషాలు విను" అన్న. విన్నడు. అర్థమైందని అనలే. "మళ్ళొస్తే రాత్రయినా ఫోన్ చెయ్" అన్నడు. నాకు అది చాలు.

వినేటోళ్ళు ఎవరూ లేకపోతే 14416కు చేయండి. టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఫ్రీ, 24 గంటలూ ఉంటది, తెలుగులో మాట్లాడొచ్చు.

మీ దోస్తు చెప్తుంటే మాత్రం, ముందు నవ్వకండి. ఉంటా మరి.