ప్రజారోగ్యం చదువదలచిన మన బిడ్డలు
(ఇందిరాపురంలో ఉద్యోగ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడగానే మన ఇండ్లలో ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. "అమ్మాయికి వైద్య కళాశాలలో సీటు రాలేదు. ప్రజారోగ్యం అని ఒక డిగ్రీ ఉన్నదట. చేర్పించవచ్చునా?" భవిష్యనిధి నుండి అప్పు తీసి ఫీజు కట్టు తల్లిదండ్రులకు ఇది చిన్న ప్రశ్న కాదు. కనుక సూటిగా సమాధానం చెప్పుకొనుట మంచిది.

ముందుగా ఒక భ్రమ తొలగవలెను. ఈ డిగ్రీ వైద్యునిగా మారుటకు దొడ్డిదారి కాదు. ఇది చదివినవారు రోగికి మందు వ్రాయరాదు. వైద్యుడు ఒక రోగిని పరీక్షించును. ప్రజారోగ్య విద్యార్థి మాత్రం వీధి వీధంతా ఏల జబ్బు పడినదని ప్రశ్నించును.

ఇందుకు ఉదాహరణ మన చెంతనే ఉన్నది. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరంలో కామెర్లు ప్రబలినవి. సుమారు 29 వేల మంది వ్యాధిగ్రస్తులైనట్లు లెక్క తేలినది. నగరానికి యమునా జలం తోడుచున్న చోటికి మురుగునీరు చేరుటయే కారణమని పరిశోధకులు నిర్ధారించిరి. ఆ వ్యాధి హెపటైటిస్-ఇ అని లోకానికి తెలియుటకు తరువాత దశాబ్దాలు పట్టినది. క్రిమి పేరు తెలియకపోయినను అది వచ్చిన దారి ముందే దొరికినది. రోగులను లెక్కించి, ఎవరు ఏ నీరు త్రాగిరో విచారించుట వలననే ఇది సాధ్యమైనది. ఈ పద్ధతినే ఈ డిగ్రీలో నేర్పుదురు. దసరా దినాలలో పూడికతీతకై గంగకాలువ మూసినప్పుడు కుళాయిల కోసం ఎదురుచూచు ఇందిరాపురం వాసులకు నీటికీ ఆరోగ్యానికీ గల సంబంధం వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విద్య మన వృత్తులకు పరాయిది కాదు. 1892 నుండి బెంగాలులో తపాలా కార్యాలయాల ద్వారా క్వినైన్ పొట్లాలు ఒక్కొక్కటి ఒక పైసాకు అమ్మిరి. నాడు మలేరియా మందు పల్లెకు చేర్చినది తపాలా ఉద్యోగియే. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 2020లో కోవిడ్ విజృంభించినప్పుడు రైల్వే కార్మికులు ఐదు వేలకు పైగా బోగీలను రోగులకై మార్చి సిద్ధపరచిరి.

1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘం, చికిత్స, నివారణ సేవలు రెండూ కలిసి నడువవలెనని చెప్పినది. ఆ సంఘానికి అధ్యక్షత వహించిన జోసెఫ్ భోర్ వైద్యుడు కాదు, సివిల్ సర్వీసు అధికారి. ప్రజల ఆరోగ్యం వైద్యులు మాత్రమే మోయవలసిన బరువు కాదని దీనివలన గ్రహించవచ్చును.

ఇక ఉద్యోగాల మాట. ఇక్కడ తీపి మాటలు చెప్పి మిమ్ములను మోసగించలేను. మన దేశంలో ఈ రంగపు ప్రధాన అర్హత నేటికీ స్నాతకోత్తర పట్టాయే. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో భారతీయ ప్రజారోగ్య సంస్థ వంటివి ఆ విద్యను బోధించుచున్నవి. డిగ్రీ స్థాయి చదువు మెట్టు మాత్రమే, గమ్యం కాదు. రైల్వేలోని హెల్త్ అండ్ మలేరియా ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాన్నే చూడుడు. 2019, 2024 సంవత్సరాల ప్రకటనలలో దానికి కోరిన అర్హత, రసాయన శాస్త్రం ఒక విషయంగా చదివిన బి.ఎస్సీ., దానిపై ఒక సంవత్సరం శానిటరీ ఇన్‌స్పెక్టర్ శిక్షణ. మూడేండ్లు ప్రజారోగ్యమే చదివిన బిడ్డ, రసాయన శాస్త్రం లేదన్న కారణంతో, తండ్రి పనిచేసిన రైల్వేలోనే అనర్హుడు కావచ్చును!

కావున ఫీజు కట్టుటకు ముందు నాలుగు విషయాలు విచారింపుడు. విశ్వవిద్యాలయానికి యు.జి.సి. గుర్తింపు ఉన్నదా? వ్యాధివ్యాప్తి శాస్త్రం, గణాంక శాస్త్రం సక్రమంగా బోధింతురా? బస్తీలలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో క్షేత్రశిక్షణ ఉన్నదా? రసాయన శాస్త్రం పాఠ్యాంశమా? రంగుల కరపత్రం చూచి కాక, పాఠ్యప్రణాళిక చదివి నిర్ణయింపుడు.

తల్లిదండ్రుల జాగ్రత్త ఒక్కటే చాలదు. ప్రజారోగ్య పట్టభద్రులకు నియామక నిబంధనలలో స్థానం కల్పించవలెనని మన సంఘాలు తమ కోర్కెల పత్రంలో చేర్చవలెను. వేతనం, పని గంటలతోపాటు కాలనీలలో త్రాగునీరు, రన్నింగ్ రూములలో శుభ్రత కూడ మన హక్కులే. వాటిని పరీక్షించి, లెక్కలతో అధికారుల ముందుంచగల విద్యావంతులు మన ఇండ్లనుండియే రావలెను.

సీటు రాని బిడ్డకు ఓదార్పుగా ఈ చదువు ఇప్పింపకుడు. ఈ పనిపై మనసున్న బిడ్డను మాత్రం ఆపకుడు.