నగర ఓటరు మీద మోపిన నేరం
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవారికి నా సంగతి తెలుసు. తెలిసే పిలిచారు కనుక తర్వాత నొచ్చుకునే హక్కు వారికి లేదు. మాస్టారి గురించి చెప్పవలసినవన్నీ ఆహ్వానపత్రంలోనే అచ్చయ్యాయి: ఉత్తమ అధ్యాపకుడు, నిరాడంబరుడు, శిష్యవత్సలుడు. అన్నీ నిజమే. అచ్చుకానివి ఒకటి రెండు నేను చెప్తాను. ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. కాఫీ రెండోసారి వేడిచేసి ఇస్తే ముట్టేవారు కాదు. పోలింగు రోజున ఏడు కొట్టకముందే ఇస్త్రీ పంచెతో వరుసలో నిలబడేవారు. ఇంటికొచ్చాక సిరా గుర్తు పడ్డ వేలు వీధిలోకి కనిపించేలా పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. ఓటు వేయనివాళ్లతో ఆ పూట మాటలుండేవి కావు. ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం రావాలనీ, వేయనివాడికి రేషన్ ఆపాలనీ ఆయన వాదం. నేను కాదనేవాణ్ణి. ఆ తగవు తెగకుండానే ఆయన వెళ్లిపోయారు. జవాబు చెప్పడానికి ఎదుటిపక్షం లేని సభలో దాన్ని మళ్లీ ఎత్తడం ధర్మమేనా అని మా ఇంట్లో అడిగారు. నా స్మారక సభలో మాట్లాడవలసి వస్తే ఆయన వదిలిపెట్టేవారా?

అందరికీ తెలిసిన సంగతులు గబగబా దాటేస్తాను. 326వ అధికరణం వయోజనులందరికీ ఓటిచ్చింది. 61వ సవరణ వయసును 21 నుంచి 18కి దించింది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. ప్రాథమిక విధుల జాబితాలో ఓటు లేదు. చేర్చమని 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ సిఫారసు చేసినా చేర్చలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 79వ సెక్షన్‌లో ఎన్నికల హక్కుకు ఇచ్చిన నిర్వచనం చూడండి: ఓటు వేయడంతో పాటు వేయకుండా ఉండడం కూడా అందులోనే ఉంది. గుజరాత్ స్థానిక ఎన్నికలలో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది, 2015లో హైకోర్టు దాన్ని నిలిపివేసింది. అదే ఏడు లా కమిషన్ తన 255వ నివేదికలో తప్పనిసరి ఓటు మనకు పనికిరాదని తేల్చింది. చట్టం వరకు మాస్టారితో నా తగవు ఇక్కడితో ముగిసిందనే నా లెక్క.

ముగియనిది ఇంకొకటి ఉంది. పోలింగు మర్నాటి పత్రికలు గుర్తు తెచ్చుకోండి. ఒకవైపు ఊళ్లో మంచం మీద మోసుకొచ్చిన ముసలమ్మ, ఇంకోవైపు హైదరాబాదులో ఈగలు తోలుకుంటున్న పోలింగు సిబ్బంది. కింద సంపాదకీయం: చదువుకున్నవారికి బాధ్యత లేదు, సెలవిస్తే నిద్రపోయారు, సినిమాకు పోయారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాదులో 48 శాతం దాటి పోలయింది, పక్కనే భువనగిరిలో 76 శాతం దాటింది. ఈ రెండు అంకెల నడుమ దూరాన్ని మన పత్రికలు, మా రాజనీతిశాస్త్ర శాఖల్లో సగం మంది, ఎన్నికల సంఘం చైతన్య రథాలు అంతా కలిసి నగరవాసి శీలానికి కొలతగా చేసేశారు. ఈ మాట ఒప్పుకోనని ఎప్పటినుంచో రాస్తున్నాను. ఒప్పుకోనివాళ్లు కూడా అంత ఓపిగ్గానే నాకు జవాబు రాస్తున్నారు.

శాతం అంటే భాగహారం. పైన పోలైన ఓట్లు, కింద జాబితాలోని పేర్లు. అంకె తగ్గితే పైనున్నది తగ్గి ఉండవచ్చు, కిందిది ఉబ్బి ఉండవచ్చు. మనవాళ్లు ఎప్పుడూ పైకే చూస్తారు. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఓటర్లు ఏటికేడు మాయమైపోతున్నారని పండితులు చాలాకాలం విలపించారు. 2001లో మైకేల్ మెక్‌డొనాల్డ్, శామ్యూల్ పాప్‌కిన్ అనే ఇద్దరు అక్కడి రాజనీతిశాస్త్ర పత్రికలో ఆ ఏడుపు మీద నీళ్లు చల్లారు. పౌరసత్వం లేనివారిని, శిక్షపడి ఓటుహక్కు పోయినవారిని కూడా వయోజనుల లెక్కలో కలిపి భాగిస్తున్నారు కనుకే 1972 తర్వాత శాతం పడిపోతున్నట్టు కనిపిస్తోందని చూపారు. ఆ వ్యాసాన్ని మన దగ్గర అందరూ ఉదహరిస్తారు, ఎవరూ హైదరాబాదుకు అన్వయించరు.

మన జాబితాలో ఉబ్బు ఎక్కడినుంచి వస్తుంది? చట్టం ప్రకారం మనిషి మామూలుగా నివసించే చోటనే పేరుండాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదంటుంది. కానీ మన మనిషి జీవితం అలా లేదు. కూకట్‌పల్లిలో అద్దెకుండే కుర్రవాడికి గ్యాస్ కనెక్షన్ కోసమో పాస్‌పోర్టు కోసమో ఇక్కడ ఓటరు కార్డు అవసరమయింది, తీసుకున్నాడు. తెనాలి దగ్గర ఊళ్లో నాన్న పేరు కింద ఉన్న పాత పేరు అలాగే ఉంది. తీయించాలంటే ఫారం 7 పెట్టాలి. ఎవడు పెడతాడు? ఊళ్లో ఓటు తీయించుకోవడమంటే ఊరితో తెగతెంపులేనని అక్కడివాళ్లే అంటారు. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లో ఒకేరోజు పోలింగు. ముందురోజు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లు మీరు టీవీలో చూశారు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులూ చాలలేదు. ఆ బస్సులో నిలబడి వెళ్లినవాడు ఆంధ్రప్రదేశ్ పోలింగును 81 శాతానికి చేర్చిన ఆదర్శ పౌరుడు. అదే మనిషి పేరు కూకట్‌పల్లి జాబితాలో కూడా ఉంటే, అదే రోజు, అదే గంటకు సోమరి. ఒక మనిషి ఏకకాలంలో రెండు శీలాలు ఎలా కలిగి ఉంటాడో మన సంపాదకులు ఇప్పటిదాకా వివరించలేదు.

ఇక పోయినవారు, మారినవారు. ఊళ్లో పెద్దాయన కాలం చేస్తే దినకర్మ కాకముందే బూత్ లెవెల్ అధికారికి తెలుస్తుంది, ఆమె అక్కడి అంగన్‌వాడీ టీచరే కావచ్చు. నగరంలో అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ‘ఫలానా వాళ్లు లేరు’ అంటాడు. ఊరికెళ్లారో, ఇల్లు మారారో, చనిపోయారో ఆ మాటలో తేలదు. పేరు అలాగే ఉంటుంది. హాస్టలు వదిలిపోయిన పిల్లవాడి పేరు హాజరుపట్టీలో కొట్టేయకుండా, రోజూ గైర్హాజరు వేసి, నెలాఖరుకు హాస్టలు పిల్లల్లో క్రమశిక్షణ నశించిందని వార్డెను నివేదిక రాస్తే ఎలా ఉంటుందో మన పోలింగు శాతం అలా ఉంది.

నా వాదానికి వచ్చిన జవాబుల్లో పసలేనివి వదిలేస్తాను. పసగలవి మూడు.

మొదటిది: 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో తెలంగాణలో 73 శాతం పోలయింది. నాలుగు నెలలకు లోక్‌సభ ఎన్నికల్లో 62 చిల్లరకు పడింది. జాబితా దాదాపు అదే కదా, కింది అంకె ఉబ్బడం వల్లనే అంటావేమిటి అన్నారు. అనలేదు. అది నిజంగానే జనం రాకపోవడం. కానీ ఆ పడిపోవడం ఊళ్లలోనూ ఉంది. ఏ ఎన్నికకు వెళ్లాలో, దేనికి వెళ్లకపోయినా ఫర్వాలేదో పల్లె, పట్నం రెండూ లెక్కవేసుకున్నాయి. అది నగరవాసి బద్ధకానికి సాక్ష్యం కాజాలదు.

రెండోది: 2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు. ఆ రోజు ఆంధ్రలో ఎన్నికలు లేవు, ఎవరూ బస్సెక్కలేదు, అయినా 46 శాతం పైచిలుకే. దీన్ని నా విమర్శకుడొకరు బ్రహ్మాస్త్రంగా వాడారు. అయ్యా, బస్సెక్కినవాడు నా వాదంలో ఒక భాగమే. చనిపోయినవారు, ఇల్లు మారినవారు కార్పొరేషన్ ఎన్నికకైనా జాబితాలో ఉంటారు, కార్పొరేషన్ ఎన్నికకైనా రారు. పైగా ఊళ్లో ఓటున్న మనిషికి రాజకీయమంటే ఊరే. పొలం, పింఛను, సర్పంచిగా నిలబడ్డ బాబాయి, కులపెద్దలు అన్నీ అక్కడే. డివిజన్ కార్పొరేటరు పేరు అతనికి తెలియదు. తెలియాలంటారా, అనండి, అది వేరే ఉపన్యాసం.

మూడోది నా పక్షం మిత్రులు ఇచ్చింది, అందుకే ప్రమాదకరం. 2014లో తెలంగాణ పోలింగు ఏప్రిల్ 30న, అటువైపు మే 7న. రోజులు వేరు కనుక ఆ ఏడాది హైదరాబాదు శాతాన్ని 2019తో పోలిస్తే నా వాదం రుజువైపోతుందని వాళ్ల ఉత్సాహం. ఈ సాక్ష్యాన్ని నేను తీసుకోను. 2014లో శాసనసభకూ కలిపి ఓటేశారు, 2019లో తెలంగాణలో లోక్‌సభకే. ఆ తేడాను విడదీయకుండా శాతాలు పోల్చడం అవతలివాళ్లు చేసే పనే.

బీహారు లెక్క ఇంతకంటే శుభ్రంగా ఉంది. 2025లో ప్రత్యేక సవరణకు ముందు అక్కడ జాబితాలో 7.89 కోట్ల పేర్లు. సెప్టెంబరు 30న తుది జాబితాలో 7.42 కోట్లు. నవంబరు పోలింగునాటికి 7.45 కోట్లు, అందులో సుమారు 67 శాతం ఓటేశారు. చరిత్రలోనే ఎక్కువ అన్నారు. అంతమందే ఓటేసి, జాబితా మాత్రం పాతదే ఉంటే? 63 శాతం చిల్లర. అంటే దాదాపు నాలుగు శాతం చైతన్యం ఎవరూ గడప దాటకుండానే కాగితం మీద పుట్టింది. మిగతా పెరుగుదల నిజమైనదే, మహిళలు బారులు తీరి వచ్చారు. నేను అంటున్నది ఆ నాలుగు గురించే.

అలాగని పేర్లు తెగ్గోస్తే సరిపోతుందా? ఇక్కడే నా పక్షంలో చేరాలనుకునేవాళ్లను కొందర్ని గుమ్మం దగ్గరే ఆపాలి. తొలి ఎన్నికల జాబితా తయారవుతున్నప్పుడు లక్షలమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని మాత్రమే రాయించారు. సరైన పేరు లేదని సుమారు 28 లక్షలమందిని జాబితాలోంచి తొలగించారు. తొలి ముఖ్య ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. వాళ్లు లేరు కనుక శాతం కాస్త మెరుగ్గానే కనిపించి ఉంటుంది. మన దగ్గర 2015లో ఆధార్‌తో జాబితాను ముడిపెట్టే కార్యక్రమం మొదలై, ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆగింది. 2018 డిసెంబరు 7న తెలంగాణలో ఎందరో చేతిలో కార్డుతో వచ్చి జాబితాలో పేరు లేక వెనుదిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు లేదని బహిరంగంగానే చెప్పారు. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి ఓటర్లకు క్షమాపణ చెప్పారు. ఆ మరుసటి సంవత్సరం ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొకరి పేరు తీసేయమంటూ ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. కాబట్టి నేను అడిగేది చిన్న జాబితా కాదు, నిజమైన జాబితా.

మాస్టారు ఎప్పుడూ ఆస్ట్రేలియా అనేవారు. 1924 నుంచి అక్కడ ఓటు తప్పనిసరి, తొంభై శాతం దాటి వస్తారు, మనకేం రోగం అనేవారు. ఆయన చెప్పని సంగతి, అక్కడ ఓటు కంటే ముందు, 1911లోనే, పేరు నమోదును తప్పనిసరి చేశారు. ముందు జాబితా, తర్వాత జరిమానా. మన చట్టంలో జాబితా కట్టే బరువు ఎన్నికల సంఘానిది, కలెక్టరేటుది, ఇంటింటికీ తిరిగే ఆ బూత్ అధికారిది. దీన్ని నేను మెచ్చుకుంటాను, పౌరుణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పే పద్ధతికంటే వెయ్యిరెట్లు మేలు. కానీ బరువు ఎవరిదో నింద కూడా వాళ్లకే చెందాలి కదా. జాబితా ఉబ్బితే మాత్రం ‘ఓటరూ మేలుకో’ అని పౌరుడి ఇంటి ముందు మైకు పెడతారు.

రాజకీయాలంటే జనానికి విరక్తి అనే మాట మీద కూడా ఒక సంగతి. ‘ఎవడొచ్చినా ఒకటే’ అని టీ బంకు దగ్గర అనని ఓటరు లేడు. అన్నవాడే సాయంత్రం వరుసలో ఉంటాడు. అమిత్ అహుజా, ప్రదీప్ ఛిబ్బర్ 2012లో రాసిన వ్యాసంలో మన పేదలు ఓటుకు చెప్పిన కారణం వేరు: వేయకపోతే సర్కారు దృష్టిలో తాము బతికిలేనట్టేనని. అది నీతి కాదు, ఉనికి రుజువు చేసుకోవడం. మా హైదరాబాదులోనే పనిచేసిన జావీద్ ఆలం కూడా ప్రజాస్వామ్యం మీద పట్టుదల కిందివర్గాలకే ఎక్కువని 2004లో పుస్తకమే రాశారు. వారి మాటను తిరగేసి, పైవర్గాలు రావడంలేదంటే వారికి నీతి లేదనడం మన సొంత కవిత్వం. ఉనికిని రుజువు చేసుకోనక్కరలేనివాడు పోలింగు రోజు అనంతగిరి కొండలకు వెళ్తాడు. అలాంటివాళ్లు లేరని అననూ లేదు, వాళ్ల వకాల్తా పుచ్చుకోనూ లేదు. ఎందరున్నారో ముందు లెక్కతేల్చండి అంటున్నాను.

ఆ లెక్కకే ఇప్పుడు కూర్చున్నాను. ముషీరాబాద్ నియోజకవర్గంలో ఒకే ఒక పోలింగు కేంద్రం పరిధి తీసుకుని, దొరికిన జాబితాలన్నీ వరుసగా పెట్టి, ఇంటి నంబరు వెంట ఇంటి నంబరు నడుస్తున్నాం, నేనూ నా విద్యార్థులూ. పెంకుటిల్లు పడి ఐదంతస్తులు లేచినా పాత నంబరు మీద పాత కుటుంబం కదలకుండా ఉంటుంది. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు పుట్టింటి జాబితాలో ఎన్నటికీ అవివాహితలే. వీళ్లలో ఎవరు నిజంగా రాలేదు, ఎవరు రావడానికి అసలు లేరు అన్నది పేరుపేరునా అడిగి రాసుకుంటున్నాం. పని పూర్తికాకుండా ఫలితాలు చెప్పను, చెప్పి ఇంకొక తగవు తెచ్చుకోను. అడ్డంకి మనుషుల దగ్గర లేదు, కాగితం దగ్గర ఉంది. ఎన్నికల సంఘం ఇప్పుడు జాబితాను కంప్యూటరు చదివే అక్షరాలుగా కాక బొమ్మలుగా ఇస్తోంది. అక్షరాలుగా ఇప్పించమని 2018లో కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లినా కుదరలేదు. వ్యక్తిగత సమాచారం దుర్వినియోగమవుతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. మాకు మాత్రం ప్రతి పేరూ చేత్తో ఎక్కించుకోవలసి వస్తోంది.

పాత కాలానివి మరీ కష్టం. 1983, 1985, 1989 ఎన్నికలనాటి తెలుగు, ఉర్దూ అచ్చు జాబితాలు ఆఫీసుల్లో చెదలు తినేశాయి. ఇవాళ ఈ సభలో, ఆ ఎన్నికల్లో పోలింగ్ ఏజెంట్లుగా కూర్చున్నవాళ్లు, పార్టీ కార్యకర్తలు, రిటైరైన ఉపాధ్యాయులు చాలామంది కనిపిస్తున్నారు. ముషీరాబాద్, చిక్కడపల్లి, భోలక్‌పూర్, గాంధీనగర్ ప్రాంతాల జాబితాలు మీ అటకల మీద, పాత ట్రంకుపెట్టెల్లో ఉంటే పడేయకండి. చిరిగినా, పెన్సిలు గీతలున్నా ఫర్వాలేదు, ఆ గీతలే మాకు ముఖ్యం: ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఏజెంటు గుర్తుపెట్టుకున్నది అందులోనే ఉంటుంది. బయట పుస్తకాల బల్ల దగ్గర మా విద్యార్థిని రిజిస్టరుతో కూర్చుంది. మీ పేరు, పేట పేరు రాయించి వెళ్లండి, ఇంటికే వచ్చి ఫోటోలు తీసుకుని కాగితాలు మీకే ఇచ్చేస్తాం.