చేపల తొట్టిలో మొక్కల ఆకలి

ఆకు వన్నె తప్పినప్పుడు మనము మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ఇది తెగులా, ఆకలియా? తరాయి ప్రాంతపు వరిపొలములలో ఆకులపై తుప్పురంగు మచ్చలు తెచ్చిన వ్యాధి క్రిమివలన వచ్చినది కాదనియు, అది జింకు లోపమే యనియు 1966లో పంత్‌నగరున వై. ఎల్. నెనె గుర్తించిరి. కరీంనగరము, జగిత్యాల వరి రైతులకును ఈ లోపము తెలియనిది కాదు. ఆఖరి దమ్ములో జింకు సల్ఫేటు చల్లి వారు పైరును నిలుపుకొందురు.

అయితే పొలమునకు పట్టిన మందు ఇంటి తొట్టికి పట్టదు. ఈ సంగతి మాకు కరీంనగరములో మా మేడమీదనే తెలిసివచ్చినది. వెయ్యి లీటర్ల తొట్టిలో కొర్రమీను పిల్లలను వదలి, ప్రక్కన గులకరాళ్ల మడిలో పాలకూర, టమాట పెంచితిమి. చేపలు విడుచు అమ్మోనియాను సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ఆ నీరే మొక్కలకు ఎరువు. రెండు నెలలు గడచునప్పటికి పాలకూర లేతాకులు పసుపుబారినవి. ఈనెలు మాత్రము పచ్చగానే యుండెను. పొరుగింటి రైతుబిడ్డ యొకడు ఆప్యాయముతో, "గుప్పెడు జింకు సల్ఫేటు వేయుండ్రి" అనెను. వేసియుండినచో చేపలు మిగిలెడివి కావు. నీట కరగిన జింకు, మైలుతుత్తము చేపల మొప్పలను దెబ్బతీయును. మొక్క పచ్చబడి చేప చచ్చిన లాభమేమి?

లోపమును ఆకే చెప్పును. లేతాకులలో ఈనెల నడుమ పసుపైన ఇనుము లోపము. ముదురాకులలో అట్లే యైన మెగ్నీషియం లోపము. ముదురాకు అంచులు మాడిన పొటాషియం చాలదు. ముదురాకు మొత్తము పాలిపోయిన నత్రజని తక్కువ. టమాట కాయ అడుగు నల్లబడి కుళ్లిన కాల్షియం అందలేదని అర్థము. చేపల మేతలో నత్రజని, భాస్వరము సమృద్ధిగా నుండును గాని ఇనుము, పొటాషియం, కాల్షియం మొక్కలకు చాలినంత యుండవు.

మందు వేయుటకు ముందు పి.హెచ్. చూడవలెను. మా బోరునీటిలో అది 8 దాటి యుండెను. అట్టి నీటిలో ఇనుమున్నను తుప్పుగా అడుగంటును, వేళ్లకు అందదు. వాననీరు కొంచెము కొంచెముగా కలిపి 7కు దించితిమి. వర్జిన్ ద్వీపముల విశ్వవిద్యాలయములో జేమ్స్ రకోసి ప్రభృతులు మూడు వారముల కొకసారి లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుమును చిలేటు రూపమున కలిపిరి. ఆ లెక్కన మా తొట్టికి 2 గ్రాముల ఇనుము కావలెను. నూటికి 11 పాళ్ల ఇనుము గల డి.టి.పి.ఏ. చిలేటు 18 గ్రాములు తూచి, బకెట్టు నీటిలో కరగించి పోసితిమి. పసుపైన ఆకులను చూడలేదు. క్రొత్తగా వచ్చు చిగురునే చూచితిమి. అది పచ్చగా వచ్చినది.

కాలము గడచినకొలది సూక్ష్మజీవుల పనివలన నీరు ఆమ్లమగును. అప్పుడు పొటాషియం హైడ్రాక్సైడును ఒకసారి, తడిసున్నమును మరియొకసారి వాడిన పి.హెచ్. నిలుచును, ఆ రెండు లోపములును తీరును. చేతులకు రక్షణ కల్పించుకొని, విడిగా కరగించి, స్వల్పముగా మాత్రమే పోయవలెను. పి.హెచ్. ఒక్కసారిగా పెరిగిన నీటిలోని అమ్మోనియా చేపలకు విషమగును.

పొలములో అడుగవలసినది ఒక ప్రశ్న. తొట్టిలో రెండు: మొక్కకు ఏమి కావలెను? చేప దేనిని ఓర్చుకొనును? రెండవదానికి సమాధానము దొరికిన తరువాతనే మందుపొట్లము విప్పవలెను.